వెండి లేని వెండి నాణెం కొన్నాను, మోసపోయానా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. జర్మనీలో మాగ్దెబుర్గ్ యూనివర్సిటీలో మాస్టర్స్ రెండో ఏడాది చదువుతున్నాను. పోయిన నెల ఇక్కడి పాత సామాన్ల సంతలో ఒక చిన్న నాణెం 35 యూరోలకు కొన్నాను. 1621 నాటి అరుదైన వెండి నాణెం అని చెప్పాడు అమ్మినాయన. మన రూపాయి బిళ్ల కంటే చిన్నది, కాగితంలా పల్చగా ఉంది, కాస్త వంగి కూడా ఉంది. ఒకవైపు శిలువ ఉన్న బంతి, ఆ బంతిలో 24 అంకె. రెండోవైపు డాలు లాంటి గుర్తు. చుట్టూ ఉన్న అక్షరాలు సగం లేవు. అంచులు ఎర్రబడ్డాయి. మా మేనమామ వెండి కొట్టులో 30 ఏళ్లుగా పని చేస్తున్నారు. వీడియో కాల్‌లో చూసి, "ఇందులో వెండెక్కడుందిరా, రాగి ముక్క" అన్నారు. చదువు డబ్బులు ఇలా తగలేస్తున్నానని నాన్నగారు రెండు రోజులు మాట్లాడలేదు. నాకు మాత్రం ఇలాంటివి ఇంకా కొనాలని ఉంది. నేను మోసపోయానా? సేకరించాలంటే ఎలా మొదలుపెట్టాలి? చింతపండుతో తోమితే అక్షరాలు కనిపిస్తాయా? డిసెంబర్‌లో ఇంటికి తీసుకెళ్లవచ్చా?

సమాధానం: ముందు చింతపండు సంగతి తేల్చేద్దాం. మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు గానీ, ఇది మాత్రం ఈ రాత్రే మీరు చేసేస్తారేమోనని నా భయం. వద్దు. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్, వెండి సామాను తోమే పౌడర్, ఏదీ వద్దు.

ఎందుకో చెబుతాను. ఆ కాలపు టంకసాలల్లో రాగి ఎక్కువ, వెండి తక్కువ కలిపి రేకు తీసేవాళ్లు. దాన్ని కాల్చి, వైన్ పీపాల్లో గట్టిపడి పేరుకునే పుల్లటి ఉప్పునూ మామూలు ఉప్పునూ కలిపిన నీళ్లలో ఉడికించేవాళ్లు. ఆ పులుపుకి పైనున్న రాగి కరిగిపోయేది, వెండి మిగిలిపోయేది. జర్మన్‌లో దీన్ని వైస్‌జీడెన్ అంటారు, తెల్లగా ఉడకబెట్టడం అన్నమాట. టంకసాల గుమ్మం దాటేటప్పుడు నాణెం అచ్చం వెండిలా తళతళలాడేది. కొన్నాళ్లు చేతులు మారేసరికి అంచులూ, ఎత్తుగా ఉన్న చోట్లూ అరిగి లోపలి ఎరుపు బయటపడేది. మీ నాణెం మీద పల్లాల్లో తెల్లగా మిగిలిందేదైనా ఉంటే అది ఆ పొరే. తోమితే మొదట పోయేది అదే. నేను మొదట్లో ఇలాంటి నాణెం ఒకటి నిమ్మకాయ, ఉప్పు పెట్టి తోమాను. పది నిమిషాల్లో పండక్కి తోమిన రాగి చెంబులా మెరిసింది. 400 ఏళ్ల పాటు దాని మీద నిలిచినది సింకులో కొట్టుకుపోయింది. ఆ నాణెం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరూ కొనరు కాబట్టి.

ఇక మోసం సంగతి. మీ మేనమామ గారు చెప్పింది నిజం. మీరు మోసపోలేదన్నదీ నిజమే. ఆ నాణెం పుట్టిందే మోసం చేయడానికి. మోసపోయింది మీరు కాదు, 1621లో దాన్ని జీతంగా పుచ్చుకున్నవాడు.

మీరు కొన్నది కిప్పర్ నాణెం. 1619 నుంచి 1623 దాకా జర్మన్ రాజ్యాల్లో నడిచిన గందరగోళాన్ని కిప్పర్ ఉంట్ విప్పర్ కాలం అంటారు. విప్పెన్ అంటే త్రాసు ఊగడం. కిప్పెన్ అంటే వంచడం అని కొందరు, అంచు కత్తిరించడం అని కొందరు చెబుతారు. త్రాసు పట్టుకుని కూర్చున్న షరాబు మంచి బరువున్న నాణేలను ఏరి పక్కన పెట్టుకుని, తేలికవాటిని జనంలోకి వదిలేవాడు. ఏరినవి కొలిమికి వెళ్లేవి, రాగి కలుపుకుని రెట్టింపు, మూడింతల నాణేలుగా తిరిగొచ్చేవి. ఆ షరాబులకు జనం పెట్టిన తిట్టుపేరే ఆ కాలానికి పేరయింది.

బంతిలో 24 ఎందుకుందో తెలిస్తే ఈ కథ సగం అర్థమైనట్టే. అప్పటి పెద్ద నాణెం రైష్‌టాలర్. బరువు 29 గ్రాములకు కాస్త ఎక్కువ, అందులో అసలు వెండి దాదాపు 26 గ్రాములు. ఒక టాలర్‌కి 24 గ్రోషెన్లు. మీ నాణెం మీద అంకె "నేను టాలర్‌లో 24వ వంతు" అని చెబుతోంది. శిలువ ఉన్న బంతి, ఆ జర్మన్ రాజ్యాలన్నిటికీ పైనుండే చక్రవర్తి చేతిలో పట్టుకునే గోళం. ఇప్పుడు లెక్క వేయండి. 26ని 24తో భాగిస్తే, నిజాయితీగా కొట్టిన గ్రోషెన్‌లో సుమారు ఒక గ్రాము వెండి ఉండాలి. మీ నాణేన్ని తూకం వేస్తే మొత్తం బరువే గ్రాము అటూఇటూగా వస్తుందని నా అంచనా. అందులో ఎక్కువ రాగే. మీ మేనమామ గారి భాషలో చెప్పాలంటే టంచు లేదు.

ఇలా ఎందుకయిందంటే అందరూ యుద్ధం పేరు చెబుతారు. 1618లో ప్రాగ్‌లో చక్రవర్తి మనుషులను కోట కిటికీలోంచి కిందికి తోసేయడంతో మొదలైన ఆ యుద్ధం 30 ఏళ్లు సాగింది. సైనికులకు జీతాలివ్వాలి కాబట్టి రాజులకు డబ్బు కావలసి వచ్చింది. నిజమే కానీ, రోగం అంతకుముందే ఉంది. అది చిల్లరలో ఉంది. ఒక టాలర్ తయారుచేయడానికి ఒక బిళ్ల, ఒక ముద్ర చాలు. అదే విలువకి గ్రోషెన్లు కావాలంటే 24 బిళ్లలు కోయాలి, 24 సార్లు ముద్ర వేయాలి. మజూరీ ఎంత పెరుగుతుందో వెండి కొట్టు తెలిసిన ఇంట్లో వివరించక్కర్లేదు. 1559లో చక్రవర్తి పేరున వచ్చిన నాణేల చట్టం మాత్రం చిల్లరలోనూ ఇంచుమించు అదే లెక్కన వెండి ఉండాలంది. చట్టప్రకారం చిల్లర కొట్టిన ప్రతి టంకసాలకూ నష్టమే. దాంతో నిజాయితీపరులు చిల్లర కొట్టడం మానేశారు, మిగిలినవాళ్లు వెండి తగ్గించారు. వందలాది చిన్నా పెద్దా రాజ్యాలు, చాలావాటికి సొంతంగా నాణేలు కొట్టే హక్కు. ఆ హక్కును గుత్తకిచ్చి డబ్బు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. యుద్ధం వచ్చేసరికి కట్ట తెగింది.

అసలు కిటుకు సరిహద్దుల దగ్గర నడిచింది. సొంత రాజ్యంలో చెడ్డ నాణెం చెల్లించడం కంటే, సంచుల్లో నింపి పక్క రాజ్యానికి పంపి, అక్కడి రైతుల దగ్గరా సంతల్లోనూ మంచి టాలర్లకు మార్చుకురావడం లాభం. పక్క రాజు ఊరుకుంటాడా? ఆయనా టంకసాల తెరిచాడు, ఆ పక్కాయనా తెరిచాడు. బ్రౌన్‌ష్వైగ్‌లో డ్యూక్ ఫ్రీడ్రిష్ ఉల్రిష్ హయాంలో ఇలాంటివి పదుల కొద్దీ పుట్టాయి. దొంగచాటుగా వెలిసిన వీటిని జర్మన్లు హెకెన్‌మ్యున్‌ట్సెన్ అంటారు, పొదచాటు టంకసాలలు అనుకోవచ్చు. రాగికి గిరాకీ ఎంత పెరిగిందంటే వంటపాత్రలు కొని కరిగించారు. 1622 జనవరిలో బొహీమియాలో చక్రవర్తి రెండో ఫెర్డినాండ్ ఏకంగా 15 మంది బృందానికి నాణేల గుత్త రాసిచ్చాడు. అందులో లీష్టెన్‌స్టైన్ ప్రభువు, తర్వాత సేనానిగా పేరు మోసిన వాలెన్‌స్టైన్, బ్యాంకరు హాన్స్ డి విట్టె ఉన్నారు. వాళ్లు ఒక మార్కు (అప్పటి తూకం కొలత) వెండిని 79 గుల్డెన్లుగా (అప్పటి డబ్బు లెక్క) సాగదీశారు. వాలెన్‌స్టైన్ అప్పుడు కారుచౌకగా కొన్న ఎస్టేట్ల మీదే తర్వాత పెద్దవాడయ్యాడు.

మంచి టాలర్ రేటు చూస్తే జ్వరం ఎంతెక్కిందో తెలుస్తుంది. 1566లో టాలర్‌కి 68 క్రాయిట్సర్లు (దక్షిణాది చిల్లర) అని చట్టం. 1622 నాటికి దక్షిణాన కొన్నిచోట్ల 600 దాటింది. జీతం అంతే, అంకె అంతే, రొట్టె ధర మాత్రం వారం వారం మారింది. స్కూలు మాస్టర్లు, పాస్టర్లు, స్టైపెండ్ మీద బతికే విద్యార్థులు, ఇలా స్థిరమైన ఆదాయం ఉన్నవాళ్లే ముందు చితికిపోయారు. మీరుండే మాగ్దెబుర్గ్‌లోనే 1622లో నాణేల మార్పిడివాళ్ల మీద జనం తిరగబడ్డారు, మనుషులు చచ్చిపోయారు. తొమ్మిదేళ్ల తర్వాత, 1631 మేలో, చక్రవర్తి సైన్యం చొరబడి దోచుకున్నప్పుడు ఆ ఊరు తగలబడిపోయింది. దాదాపు 20,000 మంది పోయారు. ఆ మంటల కథ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, చిల్లర గొడవ మాత్రం పెద్దగా ఎవరికీ గుర్తులేదు. అలాంటి చిల్లర ఒకటి మీ బల్ల మీద ఉంది.

ఎలా ఆగిందో కూడా చెప్పి ముందుకు వెళ్తాను. పన్నులు కట్టేటప్పుడు జనం అదే చెత్తను తిరిగి ఖజానాలో పోశారు. రాజులకు తాము పోసిన నీళ్లపాలే తిరిగొచ్చాయి. 1622 చివరి నుంచి 1623లో ఒక్కొక్కరుగా పాత లెక్కకు వచ్చారు, కిప్పర్ నాణేలను వెనక్కి పిలిచి కరిగించారు.

ఇక్కడే మీ సంతాయన వాడిన "అరుదైన" అన్న మాట గురించి ఆగి మాట్లాడాలి. ఆ నాలుగేళ్లలో ఈ నాణేలు లెక్కలేనన్ని వచ్చాయి. తర్వాత చాలా కరిగిపోయినా, 24 అంకె ఉన్న గ్రోషెన్లు ఇప్పటికీ జర్మన్ నాణేల సంతల్లో డబ్బాల్లో పోసి అమ్ముతారు. పాతది వేరు, అరుదైనది వేరు. నిజంగా అరుదైనవి కొన్ని నెలలే నడిచి మూతపడ్డ టంకసాలలవి. చిక్కేమిటంటే, అవి చూడటానికి అందంగా ఉండవు, తమ పేరు కూడా చెప్పవు. దొంగ పని చేసేవాడు ఊరి పేరు వేయడు కదా. చాలావాటి మీద టంకసాల గుర్తు ఉండదు, టంకాధికారి అక్షరాలుండవు, కొన్నిటి మీద సంవత్సరం కూడా ఉండదు. పక్క రాజ్యపు డాలును కాస్త మార్చి వేసినవి, చుట్టూ అర్థం లేని అక్షరాలు పేర్చినవి ఉన్నాయి. పోలండ్‌లో 1614 నుంచి వచ్చిన పోల్తొరాక్ అనే చిన్న నాణెం మీద కూడా గోళంలో 24 ఉంటుంది. దాన్ని చూసి కొట్టినవీ బోలెడు. అందుకే ఈ సేకరణలో డబ్బున్నవాడి కంటే చదివినవాడిది పైచేయి. అమ్మేవాడు "ఊరు తెలియదు" అని రాసి 20 యూరోలకు పెట్టిన బిళ్లను మీరు గుర్తుపట్టగలిగితే, ఆ ఆనందం టాలర్ కొన్నా రాదు.

మీరిచ్చిన 35 యూరోలు మామూలు రకానికైతే కాస్త ఎక్కువే. అక్షరాలు చదివి, అది ఏ ఊరిదో తేలితే అప్పుడు చూద్దాం. నాన్నగారికి మాత్రం "పెట్టుబడి" అని చెప్పకండి, అది అబద్ధమవుతుంది. నెలకి రెండు సినిమాలు మానేసి కొన్నానని చెప్పండి.

పరీక్షల గురించి. మీ మేనమామ గారి కొట్లో క్యారెట్ మెషిన్ ఉంటే, నాణెం పెట్టి చూద్దామని ఆయనకే అనిపిస్తుంది. ఆ మెషిన్ చూసేది పైపొరనే. తెల్లగా ఉడకబెట్టిన పొర మిగిలి ఉంటే లోపల లేని వెండిని చూపిస్తుంది. గీటురాయి మీద గీస్తే నాణెం పాడవుతుంది. నీళ్లలో తూచి సాంద్రత కనుక్కునే పద్ధతి ఉంది, వెండికి 10.5, రాగికి 9కి కాస్త తక్కువ. కానీ గ్రాము బరువున్న బిళ్లకు పనికిరాదు. వెండైతే సుమారు 0.095 గ్రాముల నీరు, రాగైతే 0.11 తొలగిస్తుంది. ఇంత చిన్న తేడాను చిన్న త్రాసు పట్టుకోలేదు. 15 గ్రాముల పైబడిన పెద్ద కిప్పర్ నాణేలకైతే ఈ పద్ధతి బాగానే పని చేస్తుంది. అయస్కాంతానికి అతుక్కుంటే మాత్రం చర్చ అనవసరం, లోపల ఇనుముంది.

వంగి ఉందని బెంగపడకండి. అప్పట్లో చాలా టంకసాలల్లో రోలర్ల మధ్య రేకును నడిపి ముద్ర వేసేవాళ్లు, బిళ్ల కొంచెం వంగడం, కోలగా రావడం దాని లక్షణం. అక్షరాలు సగమే ఉండటానికి కూడా అరుగుదలే కారణం కానక్కర్లేదు. హడావుడిగా కొట్టినప్పుడు ముద్ర సరిగా పడదు. అరిగిన చోట అంచులు మెత్తబడి నున్నగా ఉంటాయి, ముద్ర పడని చోట రేకు గరుకుదనం అలాగే కనిపిస్తుంది. భూతద్దంతో చూస్తే నెలలో కన్ను అలవాటు పడుతుంది. నకిలీలకు భయపడాల్సింది పెద్దవాటి దగ్గర. 20 యూరోల బిళ్లకు నకిలీ చేయడం గిట్టుబాటు కాదు. పోత పోసిన నకిలీ అయితే అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొన బుడగలు కనిపిస్తాయి.

ఏం కొనాలి? మొదట్లో అందరి చూపూ పెద్దవాటి మీద పడుతుంది. సాక్సనీ వాళ్ల 40 గ్రోషెన్ నాణెం మీద దేవదూత ఉంటుంది, దాన్ని ఎంగెల్‌టాలర్ అంటారు. వ్యుర్టెంబెర్గ్ వాళ్ల హిర్ష్‌గుల్డెన్ మీద జింక. రెండో ఫెర్డినాండ్ 150 క్రాయిట్సర్లది చూడటానికి టాలరే. అన్నీ బాగుంటాయి, విద్యార్థి జేబుకి మంచివి కావు. నేనైతే మీరుండే చోటే మొదలుపెడతాను. హార్ట్స్ కొండల చుట్టూ హాల్బర్‌ష్టాట్, క్వెడ్లిన్‌బుర్గ్, ష్టోల్‌బెర్గ్, మాన్స్‌ఫెల్ట్, అన్‌హాల్ట్ ప్రాంతపు ఊళ్లు, కాస్త దూరంలో మీ మాగ్దెబుర్గ్. రైలెక్కితే ఒక్కొక్క ఊరూ చూసి రావచ్చు. వీటిలో కొన్ని ఊళ్లు వెండి నటన కూడా మానేసి అచ్చంగా రాగి చిల్లర కొట్టాయి, అవి ఇంకా చవక. మ్యూజియం గాజు పెట్టె ముందు నిలబడి డాళ్ల బొమ్మలు నోట్‌బుక్‌లో గీసుకుంటే ఏ క్యాటలాగూ నేర్పనంత నేర్చుకుంటారు. క్యాటలాగ్‌గా 1601 నుంచి 1700 దాకా ఉన్న క్రౌజ్ సంపుటం చాలు, పాత ఎడిషన్ లైబ్రరీలో అడగండి. బెర్లిన్ ప్రభుత్వ మ్యూజియంల నాణేల విభాగం ఫొటోలు ఆన్‌లైన్‌లో ఉచితం.

ఇంకో పని చేయండి, ఇది నా సొంత పిచ్చి. ఒకే రకం గ్రోషెన్ మూడు కొనండి, 1618కి ముందుది, 1621ది, 1624 తర్వాతది. మూడోది సాక్సనీదైతే దొరకడం తేలిక. డ్రెస్డెన్‌లో టంకాధికారి హాన్స్ యాకొబ్ తన పేరులోని హెచ్, ఐ అక్షరాలు వేశాడు. మూడింటినీ పక్కపక్కన పెట్టి నాన్నగారికి ఫొటో తీసి పంపండి. రంగు చూస్తే చాలు, మీరేం వివరించనక్కర్లేదు.

సంవత్సరం చదివేటప్పుడు ఒక సూచన: రెండు అంకెను అప్పట్లో ఇంగ్లిష్ జడ్ అక్షరంలా చెక్కేవాళ్లు, చాలాసార్లు చివరి రెండంకెలే వేసేవాళ్లు. జడ్ తర్వాత 1 కనిపిస్తే 21, అంటే 1621 అన్నమాట.

కొనే చోటు సంగతి. సంతలో సరదాకి కొనండి, సేకరణకి మాత్రం బిల్లిచ్చే డీలర్ల దగ్గరా, నాణేల క్లబ్బుల్లోనూ. పాత సేకరణల నుంచి వచ్చిన నాణేలతో చేతిరాత చీటీలు వస్తాయి, వాటిని పారేయకండి. వేలంలో పాడిన ధర మీద కమిషన్ 20 శాతమో అంతకంటే ఎక్కువో పడుతుంది, ముందే లెక్కేసుకుని చెయ్యెత్తండి. జర్మన్ క్యాటలాగుల్లో షోన్ అంటే "అందమైనది" అని అర్థం కానీ, చేతికొచ్చేది బాగా అరిగిపోయింది. దాని పై మెట్టు జెయర్ షోన్ ("చాలా అందమైనది") నుంచి చూడండి. మట్టి అంటుకుని ఉన్నవి, "మా పొలంలో దొరికాయి" అనేవి ముట్టుకోకండి. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ పట్టుకుని తవ్వడం అక్కడ సాధారణంగా చట్టవిరుద్ధం, చాలా రాష్ట్రాల్లో అలా దొరికింది ప్రభుత్వానిదే.

దాచడానికి మెత్తటి పీవీసీ కవర్లు వాడకండి. రాగి ఎక్కువున్న నాణెం మీద ఏడాది రెండేళ్లలో పచ్చటి జిగురు పడుతుంది. పీవీసీ లేని కవరు, ఆమ్లం లేని కాగితం చాలు. పొడి పొడిగా లేత పచ్చ మచ్చ రాలుతుంటే దాన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి.

చివరిది, డిసెంబర్ ప్రయాణం. మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, అనుమతి లేకుండా దేశం బయటికి పంపకూడదు. ఇది పుట్టింది జర్మనీలో కదా అని వాదించుకోవచ్చు గానీ, జనవరిలో తిరుగు ప్రయాణంలో శంషాబాద్ కౌంటర్ దగ్గర ఆ వాదన చేస్తూ ఫ్లైట్ మిస్ కావడం ఎందుకు? నాణెం మాగ్దెబుర్గ్‌లోనే ఉంచి, ఫొటోలు తీసుకెళ్లండి. కిటికీ పక్కన, వెలుగు పక్కనుంచి పడేలా పెట్టి తీయండి, లేని అక్షరాలు కూడా కొన్ని తేలతాయి. రెండు వైపులా తీసి, బరువు రాసి నాకూ పంపండి. డాలులో ఏముందో చూస్తే ఊరి పేరు పట్టుకోవచ్చు.